అలా అనుకున్నదెవరు?

‘చెయ్యాలి’ అని చెప్పడానికి మనకి ఒక్క ‘ఆలి’ చాలు. వంట చెయ్యాలి, మందు వేసుకోవాలి, ఊరెళ్ళాలి, పెద్దవాళ్ళ మాట వినాలి, రేప్పొద్దున పాలవాడికి డబ్బివ్వాలి. ధర్మసూక్ష్మం దగ్గర్నుంచి పాలబాకీ దాకా అన్నిటికీ అదే తోక. ఇంగ్లీషువాళ్ళకి అలా కుదరదు. చెయ్యమన్నదెవరు, ఎంత గట్టిగా అన్నారు, చెయ్యకపోతే ఏమవుతుంది అన్నదాన్ని బట్టి వాళ్ళు మాట మారుస్తారు. మస్ట్, షుడ్, ఆట్ టు, హావ్ టు - ఇవన్నీ మనం బళ్ళో చదువుకున్నవే. పరీక్షల్లో ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకున్నవే.

వీటితోపాటు ఇంకొకటుంది. ‘సపోజ్డ్ టు’. దీన్ని ఎవరూ పెద్దగా పాఠం చెప్పినట్టు లేదు. సినిమాల్లోనో, ఆఫీసుల్లోనో, విదేశాల్నుంచి వచ్చిన మేనకోడళ్ళ నోటనో విని నేర్చుకుంటాం. “యూ ఆర్ సపోజ్డ్ టు కమ్ ఎట్ టెన్” అంటారు. పదింటికి రావాలి అని భావం. భావం సంగతి సరే, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు విప్పి చూడండి. “నువ్వు పదింటికి వచ్చేదానివిగా అనుకోబడ్డావు.” తెలుగులో ఇలా రాస్తే తెలుగు మాస్టారు ఎర్రసిరాతో కొట్టేస్తారు. కానీ కొట్టెయ్యకముందు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సరేనమ్మా, నేను అనుకోబడ్డాను. అనుకున్నదెవరు?

ఆ వాక్యంలో ఆ జవాబు ఉండదు. ఆ మాట బలమంతా అందులోనే ఉంది. నాకు నచ్చనిదీ అదే, కొంచెం నచ్చేదీ అదే.

ముందు ఈ చుట్టాల్లో ఎవరి తరహా ఏమిటో చూద్దాం. ‘మస్ట్’ ఉందే, అది మాట్లాడే మనిషి గొంతులోంచి వస్తుంది. “మందు వేసుకుని తీరాలి” అని డాక్టరమ్మ అన్నా, “ఇవాళ అమ్మకి ఫోను చేసి తీరాలి” అని మనలో మనం అనుకున్నా, ఆ బరువు వెనక ఒక మనిషుంది. ‘హావ్ టు’ బయటినుంచి వస్తుంది. బస్సు ఆరింటికి గనక ఐదింటికి లేవాలి. ఇందులో ఎవరి పెత్తనమూ లేదు, ఎవరి మీదా కోపం తెచ్చుకోనక్కర్లేదు. ‘ఆట్ టు’ అంతరాత్మలాంటిది. గొంతు మెత్తనే కానీ రాత్రి నిద్రపోనివ్వదు. ‘సపోజ్డ్ టు’ ఈ మూడూ కాదు. అది వీధరుగు మీంచి వస్తుంది. అన్నవాళ్ళు కనబడరు, మాట మాత్రం వినబడుతుంది.

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఇంకా తమాషాగా ఉంటుంది. ‘ఆట్’ అనేది ‘ఓ’ అనే ఇంగ్లీషు క్రియకి ఒకప్పటి భూతకాల రూపం. ‘ఓ’ అంటే బాకీ ఉండటం. అంటే “ఐ ఆట్ టు” అన్నప్పుడల్లా ఇంగ్లీషువాడు తనకి తెలియకుండానే “నేను బాకీ” అని ఒప్పుకుంటున్నాడన్నమాట. పుడుతూనే దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడప్పులు నెత్తికెత్తుకునే మనకి ఇది వింతేమీ కాదు.

‘మస్ట్’ కథ వేరు. దాని పూర్వరూపానికి పాత ఇంగ్లీషులో ‘అనుమతి ఉంది’ అని అర్థం. చెయ్యవచ్చు అన్నది పోగాపోగా చెయ్యక తప్పదు అయి కూర్చుంది. ఇలాంటివి భాషల్లోనే జరుగుతాయనుకోకండి. “కోడలు ఉద్యోగం చేసుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు” అన్న ఇంట్లోనే అయిదారేళ్ళు తిరిగేసరికి “ఉద్యోగం మానేస్తే ఇల్లెలా గడుస్తుంది?” అనడం మీరు వినలేదూ? అనుమతికీ నిర్బంధానికీ మధ్య దూరం మనమనుకున్నంత లేదు.

ఇక ‘సపోజ్’. దాని లాటిన్ మూలానికి ‘కింద పెట్టడం’ అని అర్థం. అరుగు కట్టేముందు అడుగున రాయి వేస్తామే, అలా. ఒక సంగతిని అడుగున పెట్టుకుని దాని మీద మిగతా మాటలు కట్టుకుంటూ పోవడమే ఊహించడం. ఇంగ్లీషులో మొదట “ఆయన ధనవంతుడని అనుకుంటారు” అనేలాంటి చోట్ల ఈ మాట వచ్చేది. అనుకోవడం కాస్తా ఎదురుచూడటం అయింది. ఎదురుచూడటం కాస్తా విధించడం అయింది. “పదింటికి వస్తావనుకున్నారు” అన్నది “పదింటికి రావాలి” అయిపోయింది. మూడే మెట్లు. మూడో మెట్టు మీదికి వచ్చేసరికి పలకడం కూడా మారింది. ‘అనుకున్నాడు’ అనే అర్థంలో ‘సపోజ్డ్’ అని జకారం వినిపిస్తుంది. ‘చెయ్యాలి’ అనే అర్థంలో నాలిక తొందరపడి ‘సపోస్టు’ అని దొర్లిస్తుంది. అందుకే పిల్లలు రాసేటప్పుడు చివరనుండే ‘డి’ అక్షరాన్ని ఎగరగొట్టేస్తుంటారు. పాపం, వాళ్ళనేం లాభం? అనుకున్నవాళ్ళని వాక్యంలోంచి ముందే ఎగరగొట్టారు. అనుకోవడం సగం అరిగిపోయింది. మిగిలింది చెయ్యడం ఒక్కటే.

ఈ మాటలో ఇంకో రెండు గడుసుతనాలున్నాయి. ‘హావ్ టు’ ముందు ‘కాదు’ పెడితే బరువు దిగిపోతుంది. “యూ డోంట్ హావ్ టు కుక్” అంటే వంట చెయ్యక్కర్లేదు, హాయిగా కూర్చో అని. ‘సపోజ్డ్ టు’ ముందు ‘కాదు’ పెట్టండి. బరువు దిగదు, ఇంకోటి ఎక్కుతుంది. “యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు” అంటే అక్కర్లేదని కాదు, కూడదని. చెయ్యమన్నప్పుడు ఒక కట్టు, వద్దన్నప్పుడు ఇంకో కట్టు. అమెరికాలో మనవలున్న అమ్మమ్మలకి ఈ సంగతి బాగా తెలుసు. నాలుగేళ్ళ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, “అమ్మమ్మా, యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు డూ దట్” అంటుంది. “నాకిష్టం లేదు” అని అనదు. “అమ్మ వద్దంది” అనీ అనదు. లోకంలో ఎక్కడో ఒక చట్టం ఉన్నట్టూ, ఆ చట్టం తనకి తెలిసినట్టూ, అమ్మమ్మకి తెలియనట్టూ అంటుంది. నాలుగేళ్ళకే ఎంత అధికారం! తన పేరు పెట్టి అడిగితే బతిమాలడమవుతుంది. పేరు లేకుండా అంటే శాసనమవుతుంది.

రెండోది దాని భూతకాలం. “షి వజ్ సపోజ్డ్ టు కమ్” అన్నారంటే సగం పైగా ఆవిడ రాలేదనే. ఇది మాత్రం మన తెలుగుకీ ఉంది. “నిన్న రావలసింది” అన్నామంటే రాలేదనేగా? డాక్టరు కావలసిన పిల్ల, సంగీతం కచేరీ చెయ్యవలసిన పిన్నిగారు, ఇల్లు కట్టవలసిన డబ్బు - ఈ ‘వలసిన’ వెనక ఎన్ని జరగని సంగతులు దాక్కుని ఉంటాయో లెక్కపెట్టలేం.

అనేవాళ్ళ పేరు వాక్యంలోంచి ఎలా జారిపోతుందో చెప్పే కథ ఒకటి ఇంగ్లీషువాళ్ళ చరిత్రలోనే ఉంది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర సముద్రంలో యుద్ధం మొదలవబోతోంది. అడ్మిరల్ నెల్సన్ తన ఓడ ‘విక్టరీ’ మీద నుంచి మిగతా ఓడలన్నిటికీ ఒక సందేశం పంపాలనుకున్నాడు. ఆ రోజుల్లో ఓడనుంచి ఓడకి మాట చేరాలంటే జెండాలే గతి. సంకేతాల పుస్తకంలో ఉన్న మాటయితే కొద్ది జెండాలతో సరిపోతుంది. లేని మాటయితే ఒక్కో అక్షరానికీ ఒక్కో సంకేతం ఎత్తాలి. ప్రతివాడూ తన విధి నిర్వర్తిస్తాడని నమ్మకం ఉంది అని నెల్సన్ చెప్పబోయాడు. ముందు తన పేరే పెట్టబోయాడనీ, పక్కవాళ్ళు చెప్పాక దేశం పేరు పెట్టాడనీ ఒక కథనం కూడా ఉంది. సంకేతాలు చూసే పాస్కో అనే అధికారి, ‘నమ్ముతోంది’ అన్న మాట పుస్తకంలో లేదు, ‘ఆశిస్తోంది’ అన్నది ఉంది, అది పెడితే త్వరగా అయిపోతుంది అన్నాడు. నెల్సన్ సరేనన్నాడు. అలా ఇంగ్లండు ప్రతివాడి నుంచీ విధినిర్వహణ ఆశిస్తోందని జెండాలు ఎగిరాయి. ఆ రోజే నెల్సన్ గుండు దెబ్బకి చనిపోయాడు. ఆ వాక్యం మాత్రం బతికిపోయి, తరవాతి తరాల పిల్లలందరి చేతా వల్లె వేయించుకుంది.

ఇందులో నాకు రెండు సంగతులు చిత్రంగా తోస్తాయి. నమ్మకం అన్న మాటకి జెండాలు ఎక్కువ ఖర్చవుతాయని దాని చోట ఆశించడం వచ్చి కూర్చుంది. “నిన్ను నమ్ముతున్నాను” అనడానికీ “నీ దగ్గర్నుంచి ఇది ఆశిస్తున్నాం” అనడానికీ ఎంత తేడా! మొదటిది చెవిలో పడితే మనిషి నిటారుగా నిలబడుతుంది. రెండోది పడితే భుజాలు వంగుతాయి. మన ఇళ్ళల్లోనూ నమ్మకం చెప్పడానికి తీరికుండదు, ఆశించడానికి ఎప్పుడూ తీరికే. రెండో సంగతి, ‘విధి’ అన్న మాట కూడా ఆ పుస్తకంలో లేదు. దాన్ని మాత్రం నాలుగక్షరాలూ విడివిడిగా ఎత్తారు. ఆ మాటకి ఎంత ఖర్చయినా ఫరవాలేదు కాబోలు. ఆ జెండాలు చూసి రెండో సేనాని కాలింగ్‌వుడ్, “ఏం చెయ్యాలో మాకు తెలుసు, ఈయన సంకేతాలు ఆపితే బాగుణ్ణు” అని విసుక్కున్నాడని చెప్పుకుంటారు. పొయ్యి దగ్గర నిలబడి, వెనకనుంచి “పోపులో ఇంగువ వెయ్యాలి సుమా” అని వింటున్న ఏ ఇల్లాలికైనా కాలింగ్‌వుడ్ దగ్గరి చుట్టమే.

పేరు జారిపోవడం ఒక ఎత్తు. ‘ఉంది’ అన్నది ‘ఉండాలి’ అయిపోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాన్ని పట్టుకున్నవాడు డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండు తాత్త్వికుడు. ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే మానవ స్వభావం మీద పెద్ద గ్రంథం రాశాడు. 1740లో వచ్చిన దాని మూడో భాగంలో ఒక చిన్న సంగతి చెప్పాడు. నీతుల గురించి రాసేవాళ్ళందరూ లోకం ఇలా ఉంది, అలా ఉంది అంటూ మొదలుపెడతారు. ఉన్నట్టుండి ఒకచోట ‘ఉంది’ పోయి ‘ఉండాలి’ వచ్చేస్తుంది. ఆ మలుపు ఎక్కడ తిరిగారో, ఏ కారణం చేత తిరిగారో చెప్పరు. చదివేవాళ్ళూ గమనించరు. గమనించడం మొదలుపెడితే నీతిశాస్త్రాలు చాలా కూలిపోతాయని అతని అభిప్రాయం.

ఇంగ్లీషులో ‘ఈజ్’ నుంచి ‘ఆట్’కి వెళ్ళడానికి కనీసం మాటైనా మార్చాలి. మనకి ఆ శ్రమ కూడా లేదు. “దీపాలు పెట్టేవేళ చీపురు పట్టరు.” “మంగళవారం గోళ్ళు తీసుకోరు.” “పెళ్ళయిన పిల్ల అలా పకపకా నవ్వదు.” వ్యాకరణం ప్రకారం ఇవి ఒట్టి సమాచారాలు. ఎవరో పట్టరట, ఎవరో తీసుకోరట, ఎవరో నవ్వదట. కానీ విన్న పిల్ల చీపురు కింద పెట్టేస్తుంది, నవ్వు ఆపేస్తుంది. హ్యూమ్‌గారు గ్రంథమంతా వెతికి పట్టుకున్న మలుపు మన బామ్మగారి ఒక్క క్రియాపదంలో ఉంది. ఆ పిల్ల ఎదురుతిరిగి “ఇప్పుడే నవ్వానుగా, నవ్వదంటావేం?” అంటే తర్కానికి నిలుస్తుంది. ఇంట్లో నిలవదు.

‘సపోజ్డ్ టు’కి సరిసమానమైన మాటలు తెలుగులో లేవని ఎవరనగలరు? ‘చెయ్యరు’ ఉంది. ‘అంటారు’ ఉంది. ‘చెయ్యకూడదట’లో ఆ చిన్న ‘ట’ ఉంది. ఎవరో అన్నారని చెబుతూనే ఆ ఎవరో ఎవరన్నది మింగేసే అక్షరం. వీళ్ళందరికీ పెద్ద, ‘నలుగురు’. నలుగురూ ఏమనుకుంటారు? చూశారా, ఇక్కడా అనుకోవడమే! ఇంగ్లీషువాళ్ళు అనుకున్నవాళ్ళ పేరు దాచారు, మనం దానికి ఒక అంకె పెట్టాం. అంతే తేడా. ఆ నలుగురి ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. వాళ్ళని వెతుక్కుంటూ వెళితే వాళ్ళూ మనకేసి చూపించి, “అదుగో, ఆ నలుగురూ ఏమనుకుంటారో అనే మేమూ ఇలా” అంటారేమో!

ఆడవాళ్ళు అందరికీ పెట్టి ఆఖర్న తినడం చూడండి. ఎవరు పెట్టిన నియమం? కోడల్ని అడిగితే అత్తగారి అలవాటంటుంది. అత్తగారిని అడిగితే “నేనేం తినొద్దన్నానా? మా అత్తగారి కాలంనుంచీ అలా వస్తోంది” అంటుంది. మగవాళ్ళని అడిగితే “మేమెప్పుడైనా ఆగమన్నామా?” అంటారు. అందరూ నిజమే చెబుతున్నారు. ఎవరూ ఆగమనలేదు. అయినా ఆవిడ ఆగుతోంది. కూర అడుగంటాక, చారు చల్లారాక, గిన్నెలో మిగిలినదాన్ని బట్టి ఆకలి సర్దుకుంటోంది. ఒకరు కోరిన కోరికయితే కాదనవచ్చు. ఒకరు పెట్టిన ఆంక్షయితే దెబ్బలాడవచ్చు. ఎవరూ అనని మాటతో ఎలా దెబ్బలాడటం?

ఆ దెబ్బలాట ఎలా ఉంటుందో చెప్పిన రచయిత్రి ఉంది. ఇంగ్లండులో కోవెంట్రీ పాట్‌మోర్ అనే కవి 1854లో మొదలుపెట్టి, ‘ది ఏంజెల్ ఇన్ ది హౌస్’ అని ఇల్లాలి మీద ఒక పెద్ద కావ్యం రాశాడు. మనం గృహలక్ష్మి అన్నట్టే వాళ్ళు ఇంటి దేవత అనడం దాంతో స్థిరపడిపోయింది. 1931 జనవరిలో లండన్‌లో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ ముందు వర్జీనియా వుల్ఫ్ ఒక ఉపన్యాసం ఇచ్చింది. తను ఒక మగ రచయిత పుస్తకం మీద సమీక్ష రాయడానికి కలం పట్టుకోగానే ఈ దేవత నీడ కాగితం మీద పడేదట. కోడికూర వండితే కాలుముక్క తను తీసుకునే దేవత. చలిగాలి వచ్చే చోటుంటే అక్కడ తను కూర్చునే దేవత. వెనకనుంచి వచ్చి, మెత్తగా రాయి, మెప్పించు, నీకంటూ ఒక అభిప్రాయం ఉందని ఎవరికీ తెలియనివ్వకు అని చెవిలో ఊదేదట. చివరికి వర్జీనియా వుల్ఫ్ సిరాబుడ్డి విసిరి ఆ దేవతని చంపాల్సి వచ్చిందని చెప్పింది. నిజమైన మనిషినయితే చంపడం తేలికే, నీడని చంపడమే కష్టమని కూడా అంది.

నాకు ఆ మాటే ముఖ్యం. ‘సపోజ్డ్ టు’లో కనపడని కర్తకి ఆవిడ ఒక ఒళ్ళూ, రెక్కలూ, గొంతూ ఇచ్చింది. పేరు పెట్టింది. పేరు పెట్టాకనే సిరాబుడ్డి గురి చూసి విసరగలిగింది. ఇంకో సంగతి కూడా ఆవిడ దాచలేదు. పూర్వీకులు వదిలిన ఆస్తి మీద ఏడాదికి 500 పౌన్లనుకోండి, అంత ఆదాయం ఉంది గనక బతకడానికి ఆ దేవత మంచితనం మీద ఆధారపడక్కర్లేకపోయిందని చెప్పింది. అనుకున్నవాళ్ళని కాదనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, చేతిలో నాలుగు డబ్బులు కూడా ఉండాలి. ఇది తత్త్వశాస్త్రంలో రాయరు గానీ ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఇంతవరకూ వచ్చాం గనక పేరులేని విధులన్నీ చెడ్డవే అందామా? అనలేను. ఎవరింట్లోనైనా చావు జరిగితే వెళ్ళి పలకరించాలి. ఎవరన్నారు? ఎవరూ అనలేదు, నలుగురూ వెళతారు. వెళ్ళి ఏం మాట్లాడాలో మనకి తెలియదు. వాళ్ళకీ తెలియదు. ఆ రోజు ఆచారమే మన చెయ్యి పట్టుకుని ఆ గుమ్మం ఎక్కిస్తుంది. మనసుకి తోచినప్పుడే వెళ్ళాలి, నిజంగా దుఃఖం పొంగినవాళ్ళే వెళ్ళాలి అని నియమం పెడితే చాలా గుమ్మాలు ఖాళీగా ఉంటాయి. బస్సులో ముసలాయనకి చోటివ్వడం, బియ్యం క్యూలో ముందున్నవాళ్ళని తొయ్యకుండా నిలబడటం, పురిటింటికి పత్యం పట్టుకెళ్ళడం - వీటికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ప్రతిదానికీ కారణం అడిగి, వాదించి, ఒప్పించుకున్నాకే చెయ్యాలంటే బతుకు బతుకులా ఉండదు. కోర్టులా ఉంటుంది. ‘సపోజ్’ అంటే కింద వేసిన రాయి అన్నాం కదా. మనిషన్నాక కాలు మోపడానికి ఏదో రాయి ఉండాలి. ధర్మం అన్న మాటకీ మూలార్థం నిలబెట్టేదనే.

ఇంకో మంచి కూడా ఉంది. మొదట్లో కొంచెం నచ్చుతుందన్నది ఇందుకే. “నేను తప్పక వెళ్ళి తీరాలి, కానీ వెళ్ళను” అని చూడండి. వాక్యం కాళ్ళు ఒకదానికొకటి తగులుకుని పడిపోతుంది. ‘మస్ట్’తో అంతే. ‘సపోజ్డ్ టు’తో అలా కాదు. “ఐ యామ్ సపోజ్డ్ టు గో, కానీ వెళ్ళను” అంటే హాయిగా నిలబడుతుంది. వాళ్ళు అనుకుంటున్నారు, నాకు తెలుసు, నేను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు అని చెప్పుకోవడానికి ఆ మాటలో ఒక సందుంది. ‘మస్ట్’ తలుపు మూసేస్తుంది, ఇది ఓరగా వేసి ఉంచుతుంది. అనుకున్నది మనుషులే అని ఆ మాట తన పుట్టుకలోనే ఒప్పుకుంటోంది మరి. మనుషులు అనుకున్నదాన్ని మనుషులు మళ్ళీ అనుకోవచ్చు.

కాబట్టి నాకు తోచేదేమిటంటే, ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు దాన్ని కొట్టెయ్యనూ అక్కర్లేదు, తలవంచనూ అక్కర్లేదు. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో చేసిన పనే చెయ్యాలి. కర్మణి వాక్యాన్ని కర్తరిలోకి మార్చాలి. అనుకోబడింది సరే, అనుకున్నదెవరు? వెతికితే ఒక్కోసారి పేరు దొరుకుతుంది. అమ్మ. మామగారు. ఆడపడుచు. చాలాసార్లు, నేనే. పేరు దొరికితే సగం బరువు తీరినట్టే. వెళ్ళి అడగవచ్చు, “మీకు నిజంగా ఇది కావాలా?” అని. “అబ్బే, నీకిష్టమని చేస్తున్నావనుకున్నాను” అనే జవాబు రావచ్చు కూడా. పేరు దొరక్కపోతే, కింద ఉన్న రాయి ఏమిటో చూడాలి. పలకరింపులో ఉన్న రాయి సాటిమనిషి మీద జాలి. అది గట్టి రాయి, ఉంచుకోవచ్చు. ఆఖర్న తినడంలో ఉన్న రాయి ఏమిటి? ఒకప్పుడు చాలని అన్నమేమో. ఇప్పుడు చాలుతున్న ఇళ్ళల్లో కూడా ఆ రాయి అక్కడే ఉందంటే, దాన్ని లేవదీయడానికి ఎవరూ వంగి చూడలేదనే.

ఇదంతా విధి మోసేవాళ్ళ వైపునుంచి. మనం విధించేవాళ్ళం కూడా. పిల్లలకీ, కోడళ్ళకీ, ఇంట్లో పనికొచ్చే అమ్మాయికీ మనం ఆ నలుగురిలో ఒకరం. “ఆడపిల్లలు రాత్రిళ్ళు ఆలస్యంగా రారు” అని కూతురికి చెప్పడం సులువు. “నువ్వు వచ్చేదాకా నాకు భయంగా ఉంటుంది” అనడం కష్టం. మొదటి వాక్యంలో లోకం ఉంది, నేను లేను. రెండోదాంట్లో నా భయం ఉంది, దాన్ని ఆ పిల్ల చూడగలదు, తీర్చగలదు, “ఫోను చేస్తాలే అమ్మా” అనగలదు. మొదటిదానికి ఆ పిల్ల చెయ్యగలిగింది రెండే, లొంగడం లేదా ఎదిరించడం.

మన ‘ఆలి’ని ఇంగ్లీషు మాటలతో పోల్చి చిన్నబుచ్చానేమో అనిపిస్తుంది గానీ, దాని పుట్టుక తెలిస్తే గౌరవం పెరుగుతుంది. చెయ్యాలి అంటే చేయవలెను. ఆ ‘వలెను’ ‘వలయు’లోంచి వచ్చింది. వలయు అంటే కావలసి ఉండటం, కోరబడటం. వలచడం, వలపు దానికి తోబుట్టువులే. ‘వద్దు’ కూడా ఆ ఇంటిదే, ‘వలదు’ అరిగి వద్దయింది. ఇంగ్లీషువాళ్ళ ‘ఆట్’ అప్పులోంచి పుట్టింది. బాధ్యత అన్న సంస్కృతపు మాట బాధలోంచి పుట్టింది. మన ‘ఆలి’ మాత్రం కోరికలోంచి పుట్టింది. “నువ్వు పండక్కి రావాలి” అని అమ్మ అన్నప్పుడు అది ఆజ్ఞా, ఆశా అన్నది విడదీసి చెప్పలేం. అక్కడ ఒక మనిషి కోరుకుంటోంది, ఆ కోరుకునే మనిషి ఎదురుగా ఉంది. అందుకే ఆ విధి బరువనిపించదు. అనిపించినా, “ఈసారి కుదరదమ్మా” అని ఆవిడతోనే చెప్పుకోవచ్చు.